పిఠాపురం ప్రాంత స్త్రీలలో ఫీమరల్ హెర్నియా: బిళ్ళల మాటున దాగే జబ్బు

పిఠాపురం చుట్టుపక్కల పల్లెల్లో హెర్నియా అంటే మగవాళ్ల జబ్బు. ఆడవాళ్లకు గజ్జలో గడ్డ కనిపిస్తే బిళ్ళ కట్టిందంటారు; కాలికి పుండో, బోదజ్వరమో కారణమనుకుంటారు. గోదావరి జిల్లాల్లో ఆ అనుమానం నిరాధారం కాదు. ఇక్కడ బోదకాలు తరతరాల బాధ. 1955లో మొదలైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమానికి రాజమండ్రిలోనే శిక్షణ కేంద్రం వెలిసింది. గజ్జ దిగువన తొడలోకి దిగే దారిలో పేగు దూరే ఫీమరల్ హెర్నియా వ్యాప్తిని ఈ నేపథ్యంలోనే చూడాలి.

పెద్దవాళ్ల గజ్జ హెర్నియాల్లో ఈ రకం 2 నుంచి 4 శాతమే. అయితే అందులో సుమారు 70 శాతం స్త్రీలవి. కుడివైపు ఎక్కువ. అరవై దాటిన, బక్కపలచని, పలు కాన్పులైన స్త్రీలలో తరచుగా కనిపిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో సగటు సంతానం 1.7కు దిగింది, కానీ ఇప్పుడు డెబ్బై దాటినవాళ్లు అంతకంటే ఎక్కువమందిని కన్న తరం. కాన్పులు తగ్గినా ఆయుష్షు పెరుగుతోంది కాబట్టి ఈ జబ్బు తనంతట తగ్గుతుందని నేననుకోను.

సంఖ్య చిన్నదని వదిలేయడం ప్రమాదం. తొడలోకి దిగే ఆ దారి ఇరుకు, లోపలి అంచు గట్టి స్నాయువు. దూరిన పేగు వెనక్కి రాలేక నలిగి, రక్తం అందక కుళ్ళుతుంది. 1991లో లండన్ వైద్యులు ప్రచురించిన పరిశీలనలో మూడు నెలల్లోపు ఇలా బిగుసుకునే అవకాశం 22 శాతం. గజ్జలో మామూలుగా వచ్చే ఇంగ్వైనల్ రకంలో 3 శాతం లోపే. స్వీడన్ హెర్నియా రిజిస్టరులో 1992–2006 మధ్య నమోదైన ఫీమరల్ శస్త్రచికిత్సల్లో 36 శాతం అత్యవసరంగా చేసినవి. అలాంటివాటిలో ఐదింట ఒకదానికి పైగా పేగు కోయాల్సి వచ్చింది. ముందుగా నిర్ణయించుకుని చేసినవాటిలో అది ఒక శాతం కూడా లేదు.

మరి మన రోగి ఏ దశలో వస్తుంది? గడ్డ చిన్నది, దగ్గినా ఉబకకపోవచ్చు, నొక్కినా లోపలికి పోకపోవచ్చు. అచ్చం బిళ్ళలాగే ఉంటుంది. వాంతులు, కడుపుబ్బరంతో కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికి చేరేసరికి ఆ కేసు ‘పేగు అడ్డం’ కింద నమోదయ్యే వీలుంది. గజ్జ చూడకపోతే కారణం కాగితం మీదికే రాదు. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలోనే జెస్సీ ఆలిన్ అనే కెనడియన్ బాప్టిస్టు వైద్యురాలు స్త్రీల కోసం ఆసుపత్రి నడిపిన ఊరు పిఠాపురం. అయినా ముసలామె సిగ్గుపడి గజ్జ చూపించకపోవడం నేటికీ రోగనిర్ధారణకు అడ్డే.

అందుకే ఆసుపత్రి లెక్కలు సరిపోవు. బోదకాలు, హైడ్రోసిల్ ఉన్నవాళ్ల జాబితా రాయడానికి ఇంటింటికీ వెళ్లే ఆరోగ్య సిబ్బంది, యాభై దాటిన స్త్రీలను గజ్జలో గడ్డ గురించి కూడా అడగాలి. తగ్గని గడ్డ ఉన్నవాళ్లను మహిళా వైద్యురాలి పరీక్షకూ, అల్ట్రాసౌండ్ స్కాన్‌కూ పంపాలి. ఫీమరల్ హెర్నియా అని తేలితే నొప్పి లేకపోయినా ఆపరేషన్‌ను వాయిదా వేయకూడదు.