లేసు అల్లేవాళ్లెవరు?

హైస్కూలు దరఖాస్తులో 'తల్లి వృత్తి' అన్న గడిలో 'గృహిణి' అని రాశాను. ఆ ఏడు నా ఫీజు డబ్బు అమ్మ అల్లిన లేసు పువ్వుల మీద వచ్చిందే. నర్సాపురం చుట్టుపక్కల ఊళ్లలో నాలా రాసిన కూతుళ్లు ఎందరో ఉండి ఉంటారు. అది తప్పని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. తెలిశాక కూడా మళ్లీ అదే తప్పు చేశాను.

కొన్నేళ్ల కిందట అమ్మావాళ్ల వీధిలో ఆడవాళ్లు లేసు సంఘం పెట్టుకుందామనుకున్నారు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నియమావళి సభ్యులే రాసుకోవచ్చు. వాటా ఎంతున్నా మనిషికి ఒకటే ఓటు. చదువుకున్నదాన్నని రాసే పని నాకప్పగించారు. సభ్యత్వానికి అర్హులెవరు అన్నది పది నిమిషాల పని అనుకున్నాను. 'లేసు వస్తువును మొదటినుంచి చివరిదాకా స్వయంగా తయారు చేయగల స్త్రీ' అని రాసి చదివి వినిపించాను. దళారులు రాకుండా తలుపు వేశానని లోలోపల గర్వం కూడా.

పెద్దమ్మ చేతిలో సూది ఆగింది. "అయితే నేను కానన్నమాట," అంది.

"అదేంటి పెద్దమ్మా, నువ్వు నలభై ఏళ్లుగా..."

"నలభై ఏళ్లుగా పువ్వులే అల్లేనే అమ్మాయ్. అతుకుపని నాకు రాదు. నా పువ్వు ఏ గుడ్డలోకి వెళ్లిందో కూడా నేనెప్పుడూ చూళ్లేదు."

ఆమెకు రాకపోవడం ఆమె లోపం కాదు. దానికో చరిత్ర ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీ కుటుంబాల స్త్రీలు ఇక్కడికి ఈ అల్లిక తెచ్చినప్పుడు, మొదట నేర్చుకున్నవాళ్లు కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన పేద, దళిత కుటుంబాల స్త్రీలు. తర్వాత గడప దాటని కాపు స్త్రీలూ పట్టుకున్నారు. ఎగుమతి పెరిగేకొద్దీ వ్యాపారులు పనిని ముక్కలు చేశారు. ఒకరు పువ్వులు అల్లాలి, ఇంకొకరు అతకాలి. దారం ఇంటికొస్తుంది, అల్లింది ఇంట్లోంచి పోతుంది. కూలి వాడిన దారం లెక్కన. పూర్తయిన వస్తువు ఎలా ఉంటుందో, ఎంతకు అమ్ముడుపోతుందో తెలిసింది చివర ఉన్న మగవాళ్లకే.

1970ల చివర్లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ ఊళ్లలో తిరిగి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' ప్రచురించారు. ప్రపంచ మార్కెట్టుకు సరుకు చేసే ఈ స్త్రీలు జనాభా లెక్కల్లో కార్మికులుగా కనబడరనీ, ఖాళీగా ఉన్నప్పుడు సరదాకి అల్లుకునే గృహిణులుగా చూడబట్టే అంత తక్కువ కూలి చెల్లుతోందనీ ఆమె వాదన. దాన్ని గృహిణీకరణ అన్నారు. ఆ పుస్తకం నేను చదివాను, సెమినార్లలో మాట్లాడాను. అయినా నేను రాసిన నిబంధన, వ్యాపారి చేసిన ముక్కలకు శిక్ష పెద్దమ్మకే వేసింది.

తలుపు పూర్తిగా తెరిస్తే? దానికీ ఉదాహరణ ఉంది. 2024లో నర్సాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఉభయ గోదావరి తీరాల్లోని 19 మండలాలకు ఆ పేరు దక్కింది, సంతోషమే. కానీ ఆ గుర్తింపుకు ఆధారమైన 1999 చట్టం చేతివృత్తి వస్తువుల 'ఉత్పత్తిదారు' అన్న మాటలో తయారుచేసేవారితో పాటు వ్యాపారం చేసేవారినీ చేర్చింది. అధీకృత వినియోగదారుగా నమోదుకు కాగితం పట్టుకుని ముందుగా వెళ్లగలిగేది ఎవరు? పువ్వు ఎటు పోయిందో తెలియని మనిషా, లెక్కల పుస్తకం ఉన్న మనిషా?

1972లో అహ్మదాబాదులో 'సేవ' సంఘాన్ని ట్రేడ్ యూనియన్‌గా నమోదు చేయమన్నప్పుడు కూడా ఇలాంటి అడ్డమే వచ్చింది. యజమాని లేనివాళ్లకు యూనియన్ ఏమిటన్నారు అధికారులు. సంఘం యజమానికి ఎదురుగా నిలబడడానికే కాదు, పనిచేసేవాళ్లు ఒకటి కావడానికి కూడా అని ఆ స్త్రీలు వాదించి నెగ్గారు.

మేము నిబంధన మార్చాం. పువ్వు అల్లినా, అతికినా, ఉతికి గంజి పెట్టినా సభ్యురాలే. అంతటితో తేలిందనుకుంటే అసలు తగువు అప్పుడు మొదలైంది. అదే వీధిలో ఒకామె తనూ అల్లుతుంది, పదిమందికి దారమూ పంచుతుంది. భర్త పోయాక పిల్లల్ని అలాగే పెంచింది. "మన కూలిలోంచి కోసుకున్న మనిషి," అన్నారు కొందరు. "మరి ఆ చేతులు సూది పట్టలేదా?" అంది పెద్దమ్మ. రెండూ నిజమే. పితృస్వామ్యం గురించి నా పుస్తకాలన్నీ కలిపినా ఆ సాయంత్రానికి జవాబు దొరకలేదు. చివరికి వాళ్లే తేల్చారు. దారం పంచినంతకాలం ఆమెకు ఓటు ఉంటుంది, కమిటీలో చోటు ఉండదు. అది న్యాయమేనా అని నాకిప్పటికీ అనుమానమే. కానీ ఎవరు తమవాళ్లో ఈ స్త్రీలు తామే తేల్చుకోవడం నేను చూడడం అదే మొదటిసారి.

రిజిస్టరులో పెద్దమ్మ పేరు మొదటిది, అమ్మది రెండోది. వృత్తి దగ్గరికొచ్చేసరికి అమ్మ, "గృహిణి అని రాయి," అంది మామూలుగా. ఆ మాట మా ఇంట్లోకి ఎవరు తెచ్చారో నాకు తెలుసు. పెన్ను పక్కన పెట్టి, చాలాసేపు అమ్మతో మాట్లాడాల్సి వచ్చింది.