భీముని కొలను మెట్ల దారి

శ్రీశైలానికి ఇవాళ బస్సులో కునుకు తీస్తూ వెళ్లిపోతున్నాం. ఘాట్ రోడ్డు పడకముందు భక్తులు వందల ఏళ్లపాటు నల్లమలను కాలినడకనే దాటారు. ఆత్మకూరు దాటితే అడవే. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, ఆపైన కైలాస ద్వారం. 1830లో కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా ఆత్మకూరు మీదుగా ఈ అడవిలోంచే మల్లన్న దగ్గరికి వెళ్లాడు. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఆయన రాసుకున్న వివరాలు ‘కాశీయాత్ర చరిత్ర’గా 1838లో అచ్చయ్యాయి. నల్లమల చరిత్ర తెలుసుకోవాలంటే నేను మొదట చదవమనేది ఆ పుస్తకమే.

ఈ దారికి ప్రాణం భీముని కొలను. ద్రౌపదికి దాహమైతే భీముడు గదతో రాయిని కొట్టి నీళ్లు తెప్పించాడని స్థలపురాణం. కొండ నిలువునా చీలినట్టుంటుంది లోయ. ఈ గట్టున మెట్లు దిగి, అవతలి గట్టున మళ్లీ ఎక్కాలి. ఒక మెట్టు జానెడు, తర్వాతది మోకాలెత్తు. వానాకాలంలో ఇక్కడ నీళ్లు పైనుంచి దూకుతాయి. శివరాత్రినాటికి పైన అడవంతా ఆకు రాల్చి, మోదుగలు ఎర్రగా పూసి ఉంటాయి. లోయ అడుగున మాత్రం ఇంకా నీడ, చెమ్మ.

14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. రాజులు మెట్లు కట్టించక ముందే ఈ కొండల్లో జాడలు తెలిసినవాళ్లు చెంచులు. వేట, తేనె, గడ్డలు వాళ్ల బతుకు. అహోబిలం నరసింహుడికి చెంచులక్ష్మినిచ్చి పెళ్లి చేసిన మామలు కూడా వాళ్లే.

1978లో నల్లమల అభయారణ్యమైంది, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. ఇప్పుడు కాలిబాట ముఖ్యంగా శివరాత్రికీ ఉగాదికీ తెరుస్తారు. అది సబబే అంటాను, ఏడాది పొడవునా జనం తిరిగితే పులికి చోటుండదు. ఉగాదికి వచ్చే కన్నడిగులకు భ్రమరాంబ ఇంటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. మొక్కున్నవాళ్లు కొందరు కర్రకాళ్ల మీదే నడుస్తారు. ఆ జాతర సద్దుమణిగాక దారి మళ్లీ పులులది, చెంచులది. పులి అడుగుజాడలు పట్టే పనిలో అటవీశాఖకు ఇవాళ్టికీ అండ చెంచు యువకులే.