పద్దుకెక్కని పిల్లలు

ఇంగ్లండులోని స్ట్రాట్‌ఫర్డ్ అపాన్ ఏవన్ పట్టణపు పాత గ్రామర్ స్కూలు కాగితాలు తిరగేసేవాళ్లంతా వెతికేది ఒకే పేరు. దొరకనిదీ అదే. 1570లలో ఆ బడిలో చదివిన పిల్లల చేరిక పుస్తకం గానీ హాజరు పట్టీ గానీ ఈనాడు లేదు. విలియం షేక్‌స్పియర్ పేరే కాదు, అతని పక్కన బల్ల మీద కూర్చున్న ఏ పిల్లవాడి పేరూ లేదు. పంతుళ్ల పేర్లు మాత్రం వరసగా తెలుసు: వాల్టర్ రోచ్, సైమన్ హంట్, థామస్ జెంకిన్స్, జాన్ కాటమ్. ఏడాదికి 20 పౌన్ల జీతం, ఉండడానికి ఇల్లు అన్న సంగతీ తెలుసు. పంతులు మిగిలి పిల్లవాడు మాయమైన ఈ తేడాను కాలం చేసిన నష్టమని సరిపెట్టుకోవడం అలవాటైంది. దానికి అంతకన్నా దగ్గరి కారణం ఉంది. ఆ రోజుల్లో బడి దస్తరంలోకి మనిషి ఎక్కాలంటే అతనికి డబ్బు ఇవ్వాలి, లేదా అతని దగ్గర పుచ్చుకోవాలి. ఈ సూత్రం పట్టుకుంటే ఆ కాగితాలు చెప్పేదీ చెప్పనిదీ రెండూ అర్థమవుతాయి.

బడి మొదట పట్టణానిది కాదు, హోలీ క్రాస్ గిల్డ్ అనే మత సంఘానిది. సభ్యులు రుసుము కట్టి చేరేవారు. చనిపోయాక వారి ఆత్మశాంతికి సంఘం పూజారులు ప్రార్థనలు చేసేవారు. 1406 నుంచి 1535 దాకా ఈ సంఘం సభ్యుల పుస్తకం మిగిలింది. అందులో అప్పటికే కన్నుమూసిన వాళ్ల పేర్లు కూడా ఉన్నాయి, వాళ్ల తరఫున బంధువులు డబ్బు కట్టారు గనక. చచ్చినవాళ్లు పుస్తకంలోకి ఎక్కగలిగారు, కళ్లముందు లాటిన్ వల్లె వేస్తున్న పిల్లలు ఎక్కలేదు. బడి ఆనవాళ్లు కూడా ఇలా వేరే పనికోసం రాసిన కాగితాల్లోనే దొరుకుతాయి. 1295లో వూస్టర్ బిషప్ దస్తరంలో స్ట్రాట్‌ఫర్డ్ బడిపంతులు రిచర్డ్ కనిపించేది, చర్చిలో డీకన్‌గా దీక్ష పుచ్చుకున్నప్పుడు. 1427–28లో బడి ఇల్లు కనిపించేది, కట్టించిన ఖర్చు పద్దుల్లో. 1482లో థామస్ జాలిఫ్ అనే పూజారి బడికోసం భూములు రాసిచ్చాడు. పంతులు వచ్చిన పిల్లలందరికీ లాటిన్ వ్యాకరణం చెప్పాలి, వాళ్ల దగ్గర ఏమీ పుచ్చుకోకూడదు అన్నది ఆయన షరతు. ఆ ఒక్క మాటను గుర్తుంచుకోవాలి, దానితో ముందు పని ఉంది.

ఖర్చు లెక్కలు అబద్ధానికి అంతగా లొంగవు. వాటి ముందు బడి పేరు కూడా నిలవలేకపోయింది. దాని పేరు ఆరో ఎడ్వర్డ్ రాజు మీద ఉంది. అలాంటి పేరున్న బళ్లు ఇంగ్లండులో చాలా ఉన్నాయి. చదువు మీద ప్రేమతో బాలరాజు ఊరూరా బళ్లు పెట్టించాడన్న కథ తరాల పాటు నడిచింది. 1896లో చరిత్రకారుడు ఏ.ఎఫ్. లీచ్ ఆ కథను పద్దుల ముందు నిలబెట్టాడు. మత సంఘాల ఆస్తులు స్వాధీనం చేసుకునే ముందు 1546, 1548లలో ప్రభుత్వమే రాయించిన జాబితాలు ఆయన అచ్చు వేశాడు. పేరు మోసిన బళ్లలో అనేకం రాజు కంటే ముందే ఉన్నాయనీ, ఏ భూముల మీద అవి బతికాయో ఆ భూములనే రాజు సర్కారు లాక్కుందనీ వాటిలో తేలింది. స్ట్రాట్‌ఫర్డ్‌లోనూ అంతే. 1547లో గిల్డ్ రద్దయింది. 1553 జూన్ 28న పట్టణానికి సనదు వచ్చింది, ఆ తరవాత 8 రోజులకే రాజు చనిపోయాడు. పట్టణం చేతికి తిరిగి వచ్చింది పాత గిల్డ్ ఆస్తే. లీచ్ మరీ దూరం పోయాడని 1950లలో మరో చరిత్రకారిణి జోన్ సైమన్ గట్టిగానే వాదించింది, అందులో నిజముంది. స్ట్రాట్‌ఫర్డ్ పంతులు జీతం 10 పౌన్ల నుంచి 20కి పెరిగింది. ఆ బాధ్యత ఎన్నాళ్లయినా నిలిచే పురపాలక సంఘం మీద పడింది. అది చిన్న మేలు కాదు. కానీ ఈ పేచీలో ఇద్దరూ చేతబట్టింది భూముల జాబితాలనూ జీతాల అంకెలనూ మాత్రమే. బడి పుట్టుక గురించి వాదించడానికి వేరే సాక్ష్యం లేదు.

1553 తరవాత బడి దస్తరమంటే పురపాలక సంఘపు తీర్మానాలూ, కోశాధికారులు ఏటా అప్పజెప్పే లెక్కలూ. డగ్‌డేల్ సొసైటీ 1921 నుంచి వాటిని సంపుటాలుగా అచ్చు వేసింది. 1563–64 లెక్కలో గిల్డ్ ప్రార్థనామందిరంలోని బొమ్మలను చెరిపినందుకు 2 షిల్లింగులు అన్న పద్దు ఉంది. ఆ ఏడాది కోశాధికారుల్లో ఒకడు చేతితొడుగులు కుట్టే జాన్ షేక్‌స్పియర్, విలియం తండ్రి. కాగితాల మీద ఆయన సంతకం చేసేవాడు కాదు, గుర్తు పెట్టేవాడు. సున్నం కింద దాగిన ఆ గోడబొమ్మలు 1804లో మళ్లీ బయటపడ్డాయి. బడి గది కిందనే పట్టణ సభామందిరం. జాన్ బెయిలిఫ్‌గా, అంటే పట్టణ పెద్దగా ఉన్న 1568–69లో నాటక బృందాలకు ఇచ్చిన సొమ్ము పద్దులో ఉంది: రాణిగారి ఆటగాళ్లకు 9 షిల్లింగులు, వూస్టర్ ప్రభువు ఆటగాళ్లకు 12 పెన్నీలు. గోడ మీది బొమ్మ చెరిగితే పద్దు, ఊళ్లో ఆట ఆడితే పద్దు. ఆ ఆట చూసిన అయిదేళ్ల పిల్లలెవరో పద్దులో ఉండరు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. చేరిక పుస్తకం రాసే అలవాటే అప్పట్లో లేదనడానికి వీల్లేదు. ష్రూస్‌బరీ బడిలో ప్రధాన పంతులు థామస్ ఆష్టన్ రాసిన పుస్తకంలో, తరవాత కవులైన ఫిలిప్ సిడ్నీ, ఫుల్క్ గ్రెవిల్ ఇద్దరూ 1564 అక్టోబరు 17న చేరినట్టు ఉంది. కానీ ష్రూస్‌బరీలో చేరడానికి రుసుము ఉంది, అదీ అంతస్తును బట్టి. ప్రభువు కొడుకు షిల్లింగుల్లో కడితే పట్టణవాసి కొడుకు పెన్నీల్లో కట్టేవాడు. లండన్ మర్చంట్ టేలర్స్ బడిలో 1561 నిబంధనల ప్రకారం 250 మందే చేరాలి. వారిలో 100 మందికి ఉచితం, 50 మందికి మూడు నెలలకు 2 షిల్లింగుల 2 పెన్నీలు, మిగతా 100 మందికి 5 షిల్లింగులు. ఎవరెంత కట్టాలో తేల్చాలంటే పేర్లు రాయక తప్పదు. వించెస్టర్‌లో 70 మందికి సంస్థే తిండి పెట్టి చదివించింది, కాబట్టి వాళ్లకూ పట్టిక ఉంది. స్ట్రాట్‌ఫర్డ్ ఉచిత బడి. పిల్లవాడు కట్టేదీ లేదు, తినేదీ లేదు. అక్కడ పుస్తకం ఉండి పోయిందేమో అన్న అవకాశాన్ని కొట్టిపారేయలేం. అయితే ఉండి తీరాలనడానికి ఆధారం లేదు.

రెండో అభ్యంతరం షేక్‌స్పియర్ నాటకాలు షేక్‌స్పియర్ రాయలేదనే వాళ్లది. పేరు లేదు కనక చదవలేదు, చదవలేదు కనక రాయలేదు అంటారు. ఇదే కొలతతో కొలిస్తే ఆ రోజుల స్ట్రాట్‌ఫర్డ్‌లో ఎవరూ చదవలేదనాలి, మరి ఏటా 20 పౌన్ల జీతం ఎవరికి చెప్పినందుకు? అదే ఊరివాడు రిచర్డ్ ఫీల్డ్ కూడా ఆ బడి కాగితాల్లో లేడు. 1579లో లండన్ వెళ్లి అచ్చు పనిలో శిష్యుడిగా చేరాడు. అది ఒప్పంద వ్యవహారం గనక ఆ వృత్తి సంఘం దస్తరానికి ఎక్కాడు. 1593లో షేక్‌స్పియర్ కావ్యం ‘వీనస్ అండ్ అడోనిస్’ అచ్చు వేసింది అతనే. షేక్‌స్పియర్ బాప్తిస్మం 1564 ఏప్రిల్ 26న చర్చి పుస్తకంలో ఉందంటే, అలా రాయాలని 1538లో ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చినందువల్ల. బడికి అలాంటి ఆజ్ఞ లేదు. అలాగని ఈ నిశ్శబ్దాన్ని అభిమానులు తమవైపు తిప్పుకోవడమూ కుదరదు. ఊరి పెద్ద కొడుకు, ఇంటికి నాలుగడుగుల్లో ఉచిత బడి. అక్కడ చదివాడనడం సబబైన ఊహ. సబబైనంత మాత్రాన ఊహ పద్దు కాదు.

ఇలా చదివితే చరిత్ర అంతా చిల్లర లెక్కగా మిగిలిపోదా అనవచ్చు. లెక్క ఎందుకు పుట్టిందో తెలియనప్పుడే ఆ ప్రమాదం. మన కరణాల దండకవిలెల్లో శిస్తు కట్టే రైతు కనబడతాడు, అతని పొలంలో నాటు వేసిన కూలిమనిషి కనబడదు. అంతమాత్రాన నాట్లు పడలేదనుకోం. స్ట్రాట్‌ఫర్డ్‌లోనూ అదే తూకం పనికొస్తుంది. పిల్లల దగ్గర ఏమీ పుచ్చుకోవద్దని 1482లో జాలిఫ్ షరతు పెట్టాడు. పుచ్చుకుని ఉంటే ఏదో ఒక పుటలో ఆ పిల్లలు పేరుపేరునా, పక్కన బాకీతో సహా, మనకు మిగిలేవారు.