సాక్షిగా నిలిచిన హిమశిఖరం



మనం వివాహవేళ అగ్నిని సాక్షిగా నిలుపుకుంటాము. సిక్కిం ప్రజలు ఒక పర్వతాన్నే సాక్షిగా నిలుపుకున్నారు. అది కాంచన్‌జంగ. భారత, నేపాల దేశాల సరిహద్దున 8,586 మీటర్ల ఎత్తున వెలసిన ఈ శిఖరం ప్రపంచంలో మూడవది. పేరు వినగానే మనకు కాంచనం స్ఫురించడం సహజమే. కాని అది టిబెట్ నుడి. మహాహిమంలోని ఐదు నిధులని దాని అర్థం. విభూతియోగంలో హిమాలయాన్ని స్వామి తన విభూతిగా చెప్పుకున్న సంగతి ఎరిగిన మనకు, అక్కడివారు ఆ కొండను దైవంగా కొలవడం వింత కాదు.

పూర్వం లెప్చా, భూటియా జాతుల పెద్దలు కాబీ లుంగ్‌చోక్ అనే చోట, ఈ పర్వతం సాక్షిగా, తాము సోదరులమని ప్రమాణం చేసుకున్నారట. ఆ ప్రమాణాన్ని స్మరిస్తూ ఏటా పాంగ్ లాబ్‌సోల్ అనే ఉత్సవం జరుపుతారు.

1955లో చార్లెస్ ఇవాన్స్ నాయకత్వాన ఒక బ్రిటిష్ బృందం నేపాల్ వైపు నుంచి ఆరోహణకు పూనుకుంది. నాటికి సిక్కిం రాజుల ఏలుబడిలో ఉంది. భారతదేశంలో విలీనమైనది 1975లో. తమ దైవం శిరస్సుపై పాదం మోపరాదని సిక్కిం వారు అభ్యంతరం తెలిపారు. కొనను తొక్కబోమని ఇవాన్స్ మాట ఇచ్చాడు. మే 25న జో బ్రౌన్, జార్జ్ బ్యాండ్ అనే ఇద్దరు, ఎవరూ చేరని ఆ ఎత్తుకు చేరారు. కొన కొద్ది అడుగుల దూరంలోనే ఉంది. కావలివాడు లేడు, చూసేవాడు లేడు. అయినా ఆగిపోయారు! మరునాడు వచ్చిన మరి ఇద్దరూ అలాగే ఆగారు. ఆ దైవం వారు కొలిచే దైవం కాదన్నది ఇక్కడ గమనించదగినది. 1977లో కర్నల్ నరీందర్ కుమార్ నాయకత్వాన కఠినమైన ఈశాన్యపు మార్గాన ఎక్కిన మన సైనికులూ ఆ మర్యాదనే పాటించారు.

ఇంతటి మర్యాదకూ భంగం రాకపోలేదు. 2000లో రుసుము పుచ్చుకుని ఒక విదేశీ బృందానికి సిక్కిం వైపు నుంచి అనుమతి ఇవ్వగా, అక్కడి భక్తజనం తీవ్రంగా నిరసించారు. తరువాత ఆ వైపు ఆరోహణను నిషేధించారు. 2016లో యునెస్కో అక్కడి జాతీయోద్యానాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినప్పుడు, ప్రకృతిసంపదతోపాటు ప్రజల ఈ విశ్వాసాన్ని కూడా పరిగణనలోకి తీసుకుంది.

నేపాల్ వైపు దారి మాత్రం నేటికీ తెరిచే ఉంది. అటునుంచి ఎక్కేవారిలో కొన దగ్గర ఆగేవారూ ఉన్నారు, ఆగనివారూ ఉన్నారు.