మైనస్ 196 డిగ్రీల్లో మలేరియా పరాన్నజీవి.. గడ్డకట్టినా మళ్లీ ఎలా బతుకుతుంది?

ఒంట్లో ఉంటే చంపాల్సిందే. కానీ ల్యాబ్‌లో మాత్రం అదే మలేరియా పరాన్నజీవి చచ్చిపోకుండా సైంటిస్టులు నానా తంటాలు పడతారు. కొత్త మందు పనిచేస్తుందో లేదో చూడాలన్నా, పాత మందుకు అది ఎంత మొండికేసిందో తేల్చాలన్నా బతికున్న పరాన్నజీవే కావాలి మరి.

దోమ కడుపులో దీన్ని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో, మన సికింద్రాబాద్‌లోనే. అప్పట్లో దోమలతో కుట్టించడానికి మలేరియా రోగి దొరకాల్సిందే. ప్రాణాంతకమైన ప్లాస్మోడియం ఫాల్సిపారమ్‌ను ల్యాబ్‌లో ఆగకుండా పెంచే పద్ధతి 1976లో గానీ రాలేదు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో ట్రేగర్, జెన్సెన్ దాన్ని సాధించారు.

అయితే మనిషి ఎర్ర రక్తకణాల్లో నెలల తరబడి అలా పెంచుతూ పోతే దాని గుణం మారిపోతుంది. దోమలోకి చేరడానికి కావాల్సిన దశను తయారుచేసే శక్తినే కొన్ని రకాలు పోగొట్టుకుంటాయి. పైగా కాస్త ఫంగస్ పడితే చాలు, కల్చర్ మొత్తం పోయినట్టే. అందుకే ఫ్రీజింగ్.

నేరుగా ఫ్రీజర్‌లో పెడితే? కణంలోని నీరు మంచు స్ఫటికాలుగా మారి పొరలను చీల్చేస్తుంది. కాబట్టి ముందు గ్లిజరాల్ ద్రావణాన్ని చుక్క చుక్కగా కలుపుతారు. ట్యూబులను మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో నెమ్మదిగా చల్లబరిచి, ఆ తర్వాత లిక్విడ్ నైట్రోజన్ ట్యాంకులోకి మారుస్తారు. ఆ నైట్రోజన్ టెంపరేచరే మైనస్ 196 డిగ్రీలు. ఇక్కడో మెలిక ఉంది. రక్తకణంలోకి కొత్తగా దూరిన పరాన్నజీవి మైక్రోస్కోప్‌లో ఉంగరంలా కనిపిస్తుంది. ఈ 'రింగ్' దశే చలిని బాగా తట్టుకుంటుంది. ముదిరినవి దాదాపుగా చచ్చిపోతాయి. అంటే రింగులు ఎక్కువున్న సమయం చూసుకునే పని మొదలుపెట్టాలి.

అసలు పరీక్ష బయటకు తీసేటప్పుడు. గడ్డకట్టించడం ఎంత నెమ్మదో, కరిగించడం అంత వేగం. 37 డిగ్రీల నీళ్లలో ట్యూబు పెట్టి చకచకా కరిగిస్తారు. అప్పటికి కణం నిండా గ్లిజరాలే. దాన్ని మామూలు ద్రావణంలో వేస్తే నీళ్లు లోపలికి దూసుకెళ్లి కణం పగులుతుంది, పరాన్నజీవీ పోతుంది. అందుకే ఉప్పు నీళ్లు వాడతారు. ముందు 12 శాతం, తర్వాత 1.6 శాతం, చివరికి 0.9 శాతం. మొదటిదైతే చుక్కలు చుక్కలుగానే వేయాలి. తొందరపడితే పైన తేరిన ద్రవం ఎర్రబడుతుంది.. అంటే కణాలు పగిలిపోయినట్టే.

మిగిలిన కణాలకు తాజా రక్తం కలిపి 37 డిగ్రీల్లో ఉంచుతారు. ఆపై రోజుల తరబడి స్లైడ్లు చూస్తూ, ఒక్క రింగ్ అయినా కనిపిస్తుందేమోనని ఎదురుచూడటమే.