మనిషికి వెల కట్టిన చట్టం

గిరిమిట్ కాగితం మీద వేలిముద్ర వేసి వచ్చినవారి సంతతి మనం. మద్రాసు నుండి బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ ఏడే అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో ఒక సంగతి జరిగింది. మూడేండ్లకు అక్కడే దానికి విరుద్ధమైన సంగతి జరిగింది. ఈ రెండూ మన పిల్లలకు చెప్పవలసినవని మేము తలుస్తున్నాము.

1860 ఏప్రిల్ 27న ట్రాయ్‌లో ఛార్లెస్ నాల్ అనే నల్లజాతి బండివానిని, పారిపోయిన బానిస అని అధికారులు పట్టుకొన్నారు. హారియట్ టబ్‌మన్ ముందు నిలిచింది. జనం కూడి అతనిని విడిపించారు. తరువాత 650 డాలర్లు యజమానికి చెల్లించి అతని స్వేచ్ఛను కొన్నారు. అతని పక్షాన నిలిచిన న్యాయవాది మార్టిన్ టౌన్సెండ్.

1861లో అంతర్యుద్ధం మొదలైంది. 1863 మార్చి 3న నిర్బంధ సైనిక సేవా చట్టం వచ్చింది. 20 నుండి 45 ఏండ్ల మగవారి పేర్లతో చీట్లు తీస్తారు. అయితే 300 డాలర్లు కట్టినవానికి, లేదా బదులు మనిషిని ఇచ్చినవానికి మినహాయింపు ఉన్నది. కూలివానికి ఆ సొమ్ము దాదాపు ఏడాది సంపాదన. ఉన్నవాడు ఇంట ఉండెను, లేనివాడు యుద్ధానికి పోయెను.

జూలై 13న న్యూయార్క్ నగరంలో అల్లర్లు చెలరేగాయి. 15న ట్రాయ్ ఇనుప కర్మాగారాల కూలీలు ఊరేగింపుగా బయలుదేరారు. ‘ట్రాయ్ టైమ్స్’ పత్రిక కార్యాలయాన్ని ధ్వంసం చేశారు. టౌన్సెండ్ ఇంటిని పాడుచేశారు. తరువాత లిబర్టీ వీధిలోని నల్లవారి చర్చిని తగలబెట్టబోయారు. ఫాదర్ పీటర్ హావర్‌మన్స్ వారిని వారించి మళ్ళించాడు.

కూలీల కోపం న్యాయమైనదే. కాని ఆ చర్చిలో ప్రార్థించేవారు ఆ చట్టం చేసినవారు కారు. పైవాని మీది కోపం పక్కవాని మీద పడింది.

1864లో ఆ మినహాయింపును చాలావరకు తొలగించారు. 1917 నాటి చట్టం డబ్బు కట్టి తప్పించుకోవడాన్ని, బదులు మనిషిని పంపడాన్ని నిషేధించింది. 1973లో అమెరికాలో నిర్బంధ భర్తీ ఆగింది.

ఇది పరదేశం కథ అనుకోరాదు. 1949 జనవరిలో డర్బన్‌లో మన ఇండ్లు, అంగళ్ళు తగలబడ్డాయి. 142 మంది మరణించారు. మనకూ, మన ఆఫ్రికన్ పొరుగువారికీ మధ్య గోడలు కట్టిన ప్రభుత్వానికి మాత్రం ఏ నష్టమూ రాలేదు. అన్యాయపు చట్టం వచ్చినపుడు దానిని ఎవరు చేశారని ముందుగా అడగడం మన పిల్లలకు నేర్పుదాం.