షౌట్ అంటే అరవడమేనా?

న్యూ లిన్‌లో కాపురం పెట్టి, ఆక్లండ్‌లో ఉద్యోగంలో చేరిన మనవాళ్ళకి తొందరలోనే ఎదురయ్యే మాట ఇది. "శుక్రవారం కాఫీ నా షౌట్" అంటాడు పక్క సీటాయన. కంగారు పడకండి, అరుపులేమీ ఉండవు. డబ్బులు తనే ఇస్తాడని అర్థం. మన "పార్టీ ఇస్తాను"కి దగ్గర. తెలంగాణ మిత్రులకైతే "చాయ్ తాపిస్తా" అంటే చాలు, ఇక వివరణ అక్కర్లేదు!

అసలు చిక్కు "ఎట్" అనే చిన్న మాటతో వస్తుంది. తెలుగులో "నన్ను తిట్టాడు" అంటాం కదా, ఆ అలవాటులో "మై మేనేజర్ షౌటెడ్ మి" అనేస్తాం. వినే కివీకి మేనేజరు మీకేదో కొనిపెట్టాడనిపిస్తుంది. "ఏం ఇప్పించాడు?" అని నవ్వుతూ అడిగినా అడుగుతాడు. మీరు చెప్పబోయిన బాధ అక్కడే ఆగిపోతుంది. "నా మీద అరిచాడు"లోని "మీద"కి బదులుగా "ఎట్" ఉండి తీరాలి: "షౌటెడ్ ఎట్ మి". హెచ్.ఆర్.కి ఫిర్యాదు రాసేటప్పుడు ఇది మరీ ముఖ్యం. దూరాన ఉన్నవాళ్ళకి వినబడేలా కేకేస్తే మాత్రం "షౌటెడ్ టు". అందులో కోపం ఉండదు.

ఇంకో సంగతి. లిన్‌మాల్‌లో ఎవరైనా "కాఫీకి వెళ్దామా?" అన్నంత మాత్రాన వాళ్ళే ఇస్తారనుకోవద్దు. "మై షౌట్" అనకపోతే సాధారణంగా ఎవరి డబ్బులు వాళ్ళవే. అన్నారంటే, బిల్లు కోసం మన పద్ధతిలో చేతులు పట్టుకు లాక్కోకుండా థాంక్స్ చెప్పి, మరోసారి మీరు షౌట్ చేయాలి. రెండు మూడు సార్లు తాగి ఊరుకుంటే నోటితో ఏమీ అనరు గానీ, గుర్తు మాత్రం పెట్టుకుంటారు.

ఈ వాడుక 19వ శతాబ్దం నాటిది. ఒకప్పుడు దీని మీద నిషేధం కూడా ఉండేదంటే నమ్ముతారా? మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తాగుడు తగ్గించడానికి 1916లో న్యూజిలాండ్ ప్రభుత్వం బార్లలో ఒకరికొకరు మందు కొనిపెట్టడాన్ని నేరం చేసింది. జనం దాన్ని షౌటింగ్ నిషేధమనే పిలిచారు. 1917 చివర్లో బార్లని సాయంత్రం ఆరింటికే మూయించే చట్టం వచ్చి, 1967 దాకా సాగింది.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దాటితే ఈ అర్థం అంతగా చెల్లదు. డల్లాస్‌లోని బావగారికి "డిన్నర్ నా షౌట్" అని మెసేజ్ పెట్టకండి. అక్కడ "ట్రీట్" అనాలి.